టెక్ సందేహాలు: రేసు ఇంజిన్‌కు నీళ్లా, గ్లైకాలా?

ప్రశ్న: రోడ్డు కారు ఇంజిన్‌కు కొన్ని మార్పులు చేసి ట్రాక్‌పై నడుపుతున్నాను. సగం గ్లైకాల్ (నీటిని గడ్డకట్టనివ్వని ద్రవం), సగం నీళ్లు కలిపిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వాడుతున్నా ఐదారు ల్యాపులకే ఉష్ణోగ్రత 110 డిగ్రీలు దాటుతోంది. ఇంతకన్నా మంచి కూలెంట్ ఏది?

జవాబు: ట్రాక్‌పై మాత్రమే నడిచే కారుకు డిస్టిల్డ్ వాటర్, అందులో తుప్పు పట్టనివ్వని మందు తగు మోతాదులో కలిపితే చాలు. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు పడుతుంది. మీరు వాడుతున్న మిశ్రమానికి సుమారు 3.5 సరిపోతుంది. అంటే ఇంజిన్ నుంచి అంతే వేడిని తీసుకుంటూ మిశ్రమం నీటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలను నడిపిన మెర్లిన్ ఇంజిన్‌ను సైతం మొదట అచ్చమైన గ్లైకాల్‌తో చల్లబరిచి, తరువాత 70 శాతం నీరు, 30 శాతం గ్లైకాల్‌కు మార్చారు.

గ్లైకాల్‌ను చాలా పోటీల్లో నిషేధించడానికి కారణం వేరే ఉంది. నేలపై ఒలికిన నీరు కాసేపటికి ఆరిపోతుంది. గ్లైకాల్ జిడ్డుగా అలాగే ఉండిపోయి, వెనక వచ్చేవారి టైర్లను జారుస్తుంది. అందుకే ముందుగా మీ పోటీ నిబంధనలు చదవండి.

నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి కదా అని మీరు సందేహించవచ్చు. దానికి సమాధానం రేడియేటర్ మూతలో ఉంది. లోపలి ఒత్తిడిని బయటి గాలి ఒత్తిడికన్నా 1 బార్ ఎక్కువ వరకు నిలిపే మూత ఉంటే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, అడుగునున్న రబ్బరును వేలితో తడిమి చూడండి. అది గట్టిపడినా, అంచున పగుళ్లు కనిపించినా మూత మార్చండి, ఎందుకంటే ఒత్తిడి నిలవని ఇంజిన్‌లో ఎంత మంచి కూలెంట్ పోసినా ప్రయోజనం ఉండదు.

తుప్పు మందును మాత్రం మానకూడదు. అది లేని నీరు అల్యూమినియం హెడ్‌ను (సిలిండర్ల పైభాగాన్ని మూసే భాగం), పంపును తినేస్తుంది. కుళాయి నీళ్లు పోస్తే కాల్షియం పొరలు కట్టి వేడిని అడ్డుకుంటుంది. కొన్ని మందులు నీటి తలతన్యతను (నీటి ఉపరితలం బిగువుగా ఉండే గుణాన్ని) కూడా తగ్గిస్తాయి. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ లోహం మీద పుట్టే చిన్న చిన్న బుడగలు వెంటనే విడిపోతే వేడిని వెంట తీసుకుపోతాయి, ఒకదానితో ఒకటి కలిసి ఆవిరి పొరగా మారితే ఆ చోట లోహం మాడుతుంది. తలతన్యత తగ్గితే బుడగలు త్వరగా విడిపోతాయి, దానివల్ల కలిగే మేలు ఇక్కడే. అయితే సీసా మీద రాసినన్ని డిగ్రీలు తగ్గుతాయని ఆశపడకండి. నీళ్లు లేని కూలెంట్లు 180 డిగ్రీల దాకా మరగవన్నది నిజమే గానీ, అవి వేడిని తక్కువగా మోస్తాయి, పైగా జారుడు స్వభావం వాటికీ ఉంది. మీకు నేను సూచించను.

మార్చే ముందు పాత గ్లైకాల్‌ను పూర్తిగా కడిగేయండి. చలికి గడ్డకట్టే చోట కారును నిలిపేటట్లయితే నీళ్లన్నీ తీసేయాలి, ఎందుకంటే గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం వ్యాకోచించి ఇంజిన్ బ్లాకునే చీల్చగలదు. ఇంకొక్క పరీక్ష మిగిలింది: చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన నిమిషంలోపే రేడియేటర్ పైహోస్ (పై గొట్టం) రాయిలా గట్టిపడితే, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) నుంచి మండిన వాయువు నీటిలోకి వస్తుందని అనుమానించాలి. ఆ లోపాన్ని ఏ కూలెంటూ బాగుచేయదు.

ప్రశ్న: డేటా లాగర్‌లో (సెన్సర్ల అంకెలను నమోదు చేసే పరికరం) ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయింది, ఆ తరువాత ఇంజిన్ సీజ్ అయింది (బిగుసుకుపోయింది). సెన్సర్ పాడైందా?

జవాబు: సెన్సర్ బాగానే ఉండి ఉంటుంది. కూలెంట్ కారిపోతే సెన్సర్ మొన నీటిలో కాక ఆవిరిలో, గాలిలో మిగిలిపోతుంది. లోహం ఎంత కాగుతున్నా అది తక్కువ అంకెనే చూపించవచ్చు. అందుకే కూలెంట్ ఒత్తిడిని కొలిచే సెన్సర్‌ను కూడా లాగర్‌కు కలపండి. వేడెక్కిన ఇంజిన్‌లో ఒత్తిడి పడిపోగానే డ్రైవర్ కళ్లెదుట ఎర్రదీపం వెలిగేలా అమర్చండి. అది వెలిగితే ల్యాపు పూర్తయ్యేదాకా ఆగకుండా అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి.