రెండు శాతం వెనక ఉన్న ఊరు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కార్పొరేట్ సామాజిక బాధ్యత గురించి రాస్తూ మొదటి పేజీలోనే కంపెనీల ఉదారతను మెచ్చుకున్నావు. నా పెన్సిల్ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో కంపెనీలు సమాజం కోసం పెట్టే ఆ ఖర్చు 2014 ఏప్రిల్ 1 నుంచి చట్టం విధించిన బాధ్యత. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవర్ గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న ప్రతి కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని అదే చట్టం ఏడో షెడ్యూల్లో చెప్పిన పనులకు ఖర్చు పెట్టాలి. నువ్వు ఆ ‘గాని’ని వదిలేసి మూడు షరతులనూ కలిపేశావు. చట్టం పరిధిలోకి వచ్చే కంపెనీలు ఎన్నో నీ వ్యాసంలో తప్పించుకుపోయాయి. విధానాల గురించి రాసేవాళ్లు ఇలాంటి చిన్న మాటల దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి.

ఈ బాధ్యత ఒక్కరోజులో గట్టిపడలేదన్న సంగతి కూడా చెప్పు. 2009లో ప్రభుత్వం స్వచ్ఛంద మార్గదర్శకాలతో సరిపెట్టింది. 2014 నాటికి ఖర్చు తప్పనిసరైనా, పెట్టని కంపెనీ బోర్డు నివేదికలో కారణం రాస్తే సరిపోయేది. 2021 జనవరి 22 నుంచి ఆ వెసులుబాటు పోయింది. కొనసాగుతున్న ప్రాజెక్టుకు చెందిన సొమ్ము మిగిలితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు, వేరే సొమ్మయితే ఆరు నెలల్లో ఏడో షెడ్యూల్లోని నిధికి వెళ్లాలి, లేదంటే జరిమానా.

ఇక అసలు విషయం. కొన్నేళ్ల కిందట నల్లగొండ జిల్లాలో, ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిన ప్రాంతంలో, ఒక ఊరికి వెళ్లాను. బడి పక్కన ఒక పెద్ద కంపెనీ కట్టించిన నీటిశుద్ధి ప్లాంటు ఉంది. గోడ మీద కంపెనీ పేరు మూడడుగుల అక్షరాల్లో మెరుస్తోంది, తలుపుకు తాళం ఉంది, కుళాయి కింద గచ్చు పగుళ్లలో గడ్డి మొలిచింది. లోపల నీళ్లను వడకట్టే పొర, మెంబ్రేన్, పాడైందనీ, కొత్తది వేయించడానికి పంచాయతీ దగ్గర డబ్బు లేదనీ తాళం చెవి ఉన్న పెద్దాయన చెప్పారు. ఆయన మనవరాలు ఇరవై లీటర్ల క్యాను సైకిల్‌కు కట్టుకుని పక్క ఊరికి బయలుదేరింది. కంపెనీ వార్షిక నివేదికలో మాత్రం ఆ ప్లాంటు పూర్తయిన పని.

ఆ కంపెనీని తిట్టి ఊరుకోవడం తేలిక. నేనూ మొదట్లో అదే రాశాను, ఇప్పుడు ఆ రాత తప్పనిపిస్తుంది. నిబంధనల వైపు చూడు. కొనసాగే ప్రాజెక్టు గడువు, మొదలైన సంవత్సరం కాక, మూడేళ్లకు మించకూడదు. కట్టిన ఆస్తి కంపెనీ చేతిలో ఉండకూడదు. నమోదైన ట్రస్టు వంటి సంస్థకో, లబ్ధిదారుల బృందాలకో, ప్రభుత్వ సంస్థకో చెందాలి. నియమం మంచిదే, కానీ అప్పగించాక మరమ్మతు ఖర్చు ఎవరిదో అది తేల్చదు. ఫలితాల మదింపు తప్పనిసరి అయ్యేది, గత మూడేళ్లలో సగటున 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టవలసిన కంపెనీలకే, అదీ కోటి రూపాయలు, ఆపైన వ్యయమైన ప్రాజెక్టులకే. కొన్ని లక్షల్లో పూర్తయ్యే ఊరి ప్లాంటును విడిగా లెక్కిస్తే దాని తలుపు తట్టి చూడాలన్న నిబంధన ఎక్కడా లేదు. ప్రభుత్వం ఖర్చును కొలిచింది గనుక కంపెనీలు ఖర్చును చూపించాయి. నీళ్లను కొలిచి ఉంటే నీళ్లను చూపించేవని నా నమ్మకం. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడ దొరుకుతుంది.

ఇంకొక్క మాట. లాభాన్ని ఎలా ఖర్చు పెట్టారో చూసే ఈ సెక్షన్, ఆ లాభం ఎలా వచ్చిందో అడగదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి 12 మందిని బలి తీసుకుంది. అక్కడ ప్రాణాలు నిలపవలసినవి కర్మాగార భద్రతా నియమాలు, తనిఖీలు. ఎన్ని బడి గోడలకు రంగులు వేయించినా ఆ లోటు తీరదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీల నుంచి ఇప్పుడు కోరుతున్న బాధ్యతా నివేదికలు వ్యాపారం నడిచే తీరునే అడుగుతున్నాయి. అవి తెప్పించుకుని చదువు.

స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలన్న నిబంధన గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, దాన్ని కదపకు. మిగతాది తిరగరాసే ముందు మీ జిల్లాలో కంపెనీ పేరున్న గోడ ఒకటి వెతికి, తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాళ్లతో ఒక పూట గడిపి రా. ఆ తరవాత రాసింది నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు