తాళం తీసిన మొదటి గంట

సెలవులు ముగిసి జనం ఇళ్లకు చేరే రోజులివి. ఎక్కడ ఎంత సుఖంగా ఉన్నా మన గుమ్మం, మన మంచం, మన కంచం దగ్గరికి వచ్చాకే ప్రాణం కుదుటపడుతుంది. ఆ సంతోషం తలుపు తీయగానే పాడవకుండా ఏం చేయాలో ఈ నెల చాలామంది అడిగారు.

ప్రశ్న: కాశీ, గయ, ప్రయాగ చూసుకుని మూడు వారాలకు వచ్చాం. తలుపు తీయగానే ఇల్లంతా మురుగు కంపు. వెళ్లే ముందు బాత్రూములు ఫినాయిల్ వేసి కడిగే వెళ్లాం. ఎందుకిలా అయింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ శుభ్రతలో లోపం లేదండి. నీళ్లు ఆరిపోయాయి, అంతే. బాత్రూం జాలీ కింద, వంటింటి సింకు కింద ఉండే వంపులో ఎప్పుడూ సుమారు రెండంగుళాల ఎత్తున నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు గొట్టంలోని గాలిని ఇంట్లోకి రానివ్వకుండా ఆపేది ఆ నీళ్లే. రోజూ వాడుకుంటుంటే అవి నిండుతూనే ఉంటాయి. రెండు మూడు వారాలు చుక్క పడకపోతే, అందులోనూ ఎండాకాలమైతే, ఆవిరైపోతాయి. ఇక దారి తెరుచుకున్నట్టే. కంపుతో పాటు బొద్దింకలూ పైకొస్తాయి.

ముందు కిటికీలన్నీ తెరవండి. తర్వాత ప్రతి జాలీలో అర బకెట్టు నీళ్లు పోయండి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. వాషింగ్ మెషీన్ దగ్గరి జాలీని, బాల్కనీ జాలీని చాలామంది మరిచిపోతారు. కంపు ఎక్కువగా వచ్చేది వాటినుంచే. గంటలో తగ్గిపోవాలి. నీళ్లు పోశాక కూడా మర్నాటికి తగ్గలేదంటే ఆ వంపు పగిలి ఉండాలి, లేదా అసలు బిగించి ఉండరు. అప్పుడు ప్లంబర్‌ని పిలవాల్సిందే.

ఈసారి బయల్దేరే రోజు, అందరి స్నానాలూ అయ్యాక, జాలీల్లో నీళ్లు పోసి పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె తేలి ఉండి నీళ్లను తొందరగా ఆవిరి కానివ్వదు. జాలీ మీద ప్లాస్టిక్ కవరు పరిచి బరువు పెడితే ఇంకా మంచిది.

ఇంకొక మాట. చీకట్లో తలుపు తీయగానే చేయి లైటు స్విచ్ మీదికి పోతుంది. ఒక్క క్షణం ఆగి వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పనూ వద్దు. తలుపులు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చాక గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. ఊరెళ్లేటప్పుడు స్టవ్ నాబ్ ఒక్కటే కాదు, రెగ్యులేటర్ కూడా కట్టేయాలి.

ప్రశ్న: పది రోజులకు వచ్చేసరికి కోటలో తులసి వాడి వేలాడుతోంది. చాలా బాధగా ఉంది. బతుకుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాండం మీద గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కంగారులో బకెట్టు నీళ్లు గుమ్మరించకండి. బాగా ఎండిన మట్టి కుంచించుకుపోయి అంచుల దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. పోసిన నీళ్లు ఆ ఖాళీలోంచి జారిపోతాయి తప్ప వేరుకు అందవు. మట్టిని పుల్లతో మెల్లగా గుల్ల చేసి, చెంబెడు నీళ్లు కొద్దికొద్దిగా పోసి, పావుగంట ఆగి మళ్లీ పోయండి. మామూలు కుండీలనైతే మూడంగుళాల నీళ్లున్న టబ్బులో అరగంట ఉంచితే మట్టి అడుగునుంచి పీల్చుకుంటుంది. ఎండిన కొసలు తుంచి, నాలుగు రోజులు ఎండ తగలకుండా ఏదైనా అడ్డం పెట్టండి.

మళ్లీ ఊరెళ్లేటప్పుడు కుండీ పక్కన దానికన్నా ఎత్తులో నీళ్ల బకెట్టు పెట్టి, నూలు తాడు ఒక కొస అడుగుదాకా ముంచి, రెండో కొస మట్టిలో మూడంగుళాలు పాతండి. నైలాన్ తాడు నీళ్లు లాగదు. బకెట్టు మీద గుడ్డ కట్టడం మరవద్దు. దోమ గుడ్డు దోమగా ఎదగడానికి వారం పది రోజులు చాలు.

ప్రశ్న: వారం రోజులు హోటల్ తిండి తిని రాత్రి ఏడింటికి ఇంటికొస్తాం. పిల్లలు ఇంటి అన్నం కావాలంటారు. కూరగాయలుండవు, ఓపిక ఉండదు. ఏం వండను?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కందిపచ్చడి, పచ్చిపులుసు. వచ్చిన రాత్రి బయటినుంచి తెప్పించుకోవడం మాకు నచ్చదు, ఈ రెండూ అన్నం ఉడికేలోపు అయిపోతాయి మరి. బుట్టలో నాలుగు ఉల్లిపాయలు ఉంచి వెళ్తే చాలు.

నలుగురికి నిమ్మకాయంత చింతపండును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. ఈలోగా టీకప్పు కందిపప్పును సన్నసెగ మీద, కమ్మటి వాసన వచ్చి లేత ఎరుపు తిరిగేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పచ్చడి చేదెక్కుతుంది. చివర్లో ఐదు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేసి దింపండి. చల్లారాక ఉప్పు, ఉసిరికాయలో సగమంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో కొంచెం బరకగా రుబ్బాలి. వేయించిన పప్పు నీళ్లు పీల్చి గట్టిపడుతుంది కాబట్టి రుబ్బేటప్పుడు నీళ్లు చేర్చి కాస్త జారుగానే ఉంచండి.

పులుసుకు మూడు ఎండుమిర్చిని మంట మీద కాల్చి, ఉప్పు, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయతో కలిపి చేత్తో బాగా పిసకండి. ఉల్లి రసం దిగితేనే రుచి. చింతపండు రసం తీసి, నీళ్లతో కలిపి సుమారు ముప్పావు లీటరు చేసి పోయండి. చిన్న బెల్లంముక్క, మీ వైపు అలవాటు ప్రకారం రెండు చెంచాల నువ్వులపొడి, పైన ఇంగువ పోపు. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, కాగితే పచ్చిపులుసు కాస్తా చారైపోతుంది.

ప్రశ్న: ఆరు నెలలు అమెరికాలో అబ్బాయి దగ్గర ఉండి వస్తున్నాం. ఫ్రిజ్ ఆపేసి వెళ్లాం. రాగానే పెరుగు తోడుకోవడం ఎలా? కొన్న పెరుగు ఆయనకు పడదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫ్రిజ్ తలుపు సందిచ్చి వదిలారా? మూసి ఉంటే లోపల బూజు పడుతుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడిచి, ఆరనిచ్చి, నాలుగైదు గంటలు ఖాళీగా నడిపాక సామాను పెట్టండి.

తోడుకు ఎండుమిర్చి తొడిమలు చాలు. అర లీటరు పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, ఎనిమిది పది తొడిమలు వేసి మూత పెట్టండి. పాలు వేడిగా ఉంటే విరుగుతాయి, చల్లబడితే తోడుకోవు. పది పన్నెండు గంటలు పడుతుంది. ఆ మొదటి పెరుగు పలచగా, కాస్త వాసనగా ఉంటుంది, తినడానికి బాగుండదు. దాన్ని చెంచాడు తీసి మళ్లీ తాజా పాలలో వేయండి, రెండోది గట్టిగా తోడుకుంటుంది. ఫ్రిజ్ ఆపకుండా నెలలోపు తిరిగొచ్చే ప్రయాణమైతే ఈ శ్రమ అక్కర్లేదు. చిన్న స్టీలు డబ్బీలో రెండు చెంచాల పెరుగు ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లండి. వచ్చిన రాత్రి అరగంట బయట ఉంచి పాలలో కలిపి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పెరుగు తయారు.