క్రికెట్ జట్టు గురించి వాదించబోయే మా మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

ఆదివారం మీ ఇంట్లో భోజనాల దగ్గర జరిగిందే నా బుర్రలో తిరుగుతోంది. ఈ 2025 నవంబరులో దక్షిణాఫ్రికాతో గువాహటి టెస్టు ముగిసి నాలుగు రోజులైనా నీ కోపం చల్లారలేదు. ముద్ద కలుపుకుంటూనే "సుదర్శన్‌ని పీకెయ్యాలి, జురెల్‌ని పీకెయ్యాలి, కోచ్ గంభీర్‌ని పంపించెయ్యాలి, సెలెక్టర్ల పెద్ద అగార్కర్‌ని కూడా" అని వరసగా చదివావు. మీ నాన్న ఒక్కటే అడిగాడు, "అయితే బ్యాటింగ్‌లో మూడో నంబర్‌లో ఎవర్ని ఆడిస్తావ్ రా?" అని. నువ్వు దానికి జవాబు చెప్పకుండా "మీ కాలం క్రికెట్ వేరు నాన్నా, మీకు తెలీదు" అనేశావు. ఆయన పెరుగన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. నువ్వు చూడలేదేమో, నేను చూశాను.

కోపం తప్పని అనను. 408 పరుగుల తేడాతో ఓడిపోయాం, పరుగుల లెక్కన మన టెస్టు చరిత్రలోనే ఇంత పెద్ద ఓటమి లేదు, నిరుడు న్యూజిలాండ్ వచ్చి 3-0 కొట్టి వెళ్లిన బాధ పోకముందే దక్షిణాఫ్రికా వచ్చి 2-0 కొట్టింది, అదీ మన గడ్డమీద. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ నువ్వు రేపు ఆఫీసులో వాదిస్తావు, ఎల్లుండి మళ్లీ ఇంట్లో వాదిస్తావు, అందుకే ఇన్నేళ్లుగా చూసీ వాదించీ నాకు అర్థమైంది రాస్తున్నాను.

ఎవరినైనా తీసెయ్యమంటే ఆ నోటితోనే ఎవర్ని పెట్టాలో, వాడు ఏ నంబర్‌లో దిగాలో, వాడి చేత ఏ పని చేయించాలో కూడా చెప్పు. మీ నాన్న అడిగిందదే. ఆ ప్రశ్న ఎంత కష్టమో చూడు. 2023 జూన్‌లో పుజారా ఆఖరి టెస్టు ఆడాడు. ఆ తర్వాత ఇప్పటి కెప్టెన్ గిల్ మూడో నంబర్‌కి వచ్చాడు, కోహ్లి రిటైరయ్యాక నాలుగుకి జరిగాడు. అక్కణ్ణించి ఈ ఒక్క ఏడాదిలోనే ఆ స్థానంలో సుదర్శన్‌ని చూశారు, కరుణ్ నాయర్‌ని చూశారు, మళ్లీ సుదర్శన్, కోల్‌కతాలో వాషింగ్టన్ సుందర్, గువాహటిలో తిరిగి సుదర్శన్. కోల్‌కతాలో 124 కొట్టలేక 93కే చాప చుట్టేసిన ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో ఎక్కువ పరుగులు చేసింది ఆ వాషింగ్టనే, 31. తర్వాతి టెస్టుకే అతన్ని ఎనిమిదో నంబర్‌కి దించారు. అక్కడా 48 కొట్టాడు. నన్నడిగితే తప్పు కుర్రాళ్లలో కన్నా ఈ కుర్చీలాటలో ఎక్కువుంది. సుదర్శన్ గువాహటి రెండో ఇన్నింగ్స్‌లో 139 బంతులాడి 14 చేశాడు. నీకది జిడ్డుగా కనిపించింది. నాకు మాత్రం, తర్వాతి టెస్టులో ఉంటాడో ఉండడో తెలియని కుర్రాడు ఔటవ్వకూడదని పళ్లు బిగించి నిలబడటం కనిపించింది. కనీసం 8 టెస్టులు ఒకడికే ఇచ్చి చూడాలని నా అభిప్రాయం. నీ అభిప్రాయం వేరైతే చెప్పు, కాకపోతే పేరుతో చెప్పు.

ఇంకోటి, తిట్టేముందు ఎవరి పని ఏదో తెలుసుకో. అగార్కర్ కమిటీలో ఐదుగురుంటారు, వాళ్లు ఎంచేది స్క్వాడ్‌ని, 15 మందినో 16 మందినో. వాళ్లలోంచి పదకొండు మందిని తేల్చేది కెప్టెన్, కోచ్. వాషింగ్టన్‌ని మూడులో పంపింది సెలెక్టర్లు కాదు. ఇంగ్లండ్‌లో 5 టెస్టులూ కుల్దీప్‌ని బెంచీ మీద కూర్చోబెట్టిందీ సెలెక్టర్లు కాదు, వాళ్లు అతన్ని ఎంచి విమానం ఎక్కించారు. ఒకరి తప్పు ఇంకొకరి మెడకు చుట్టావంటే అవతలివాడు ఆ ఒక్కటి పట్టుకుని నీ మొత్తం వాదన కొట్టిపారేస్తాడు.

పరుగుల పట్టిక ముందేసుకుని కూర్చోవడం గురించి కూడా చెప్పాలి, ఇది నా సొంత పాపం. నీకు తెలుసుగా, నేను జిల్లా అండర్-16 జట్టు సెలెక్షన్‌కి మూడేళ్లు కూర్చున్నాను. ఒక ఏడాది ఆఖరి చోటుకి ఇద్దరు పిల్లలు మిగిలారు. ఒకడు చిన్న గ్రౌండ్‌లో 110 కొట్టాడు. రెండోవాడివి మూడు మ్యాచుల్లో 38, 41, 35, మూడూ మ్యాటింగ్ వికెట్ (చాప పరిచిన పిచ్) మీద, బంతి గుడ్ లెంగ్త్ నుంచి ఛాతీ దాకా లేస్తుంటే, చేతులు కిందికి దించి ఆడుతూ. మేం 110 వైపు మొగ్గాం. లిస్టు చదివాక ఆ రెండోవాడు ఏమీ అనలేదు, సైకిల్ స్టాండ్ దగ్గర ప్యాడ్లు క్యారియర్‌కి పెట్టి పాత సైకిల్ ట్యూబుతో చుట్లు చుట్టి కట్టుకుంటున్నాడు, ముడి పడక మళ్లీ విప్పి మళ్లీ కట్టాడు. ఆ ముడి ఇప్పటికీ నా కళ్లముందుంది. ఎంచిన పిల్లాడు బయటి జిల్లాలో బంతి కాస్త లేచేసరికి నిలవలేకపోయాడు. తప్పు పిల్లాడిది కాదు, పరుగులు చూసి వికెట్ చూడని మాది.

అందుకే కోల్‌కతా గురించి మాట్లాడేటప్పుడు పిచ్ అన్యాయం అని ఊరుకోకు. మొత్తం టెస్టులో యాభై దాటింది ఒక్కడే, వాళ్ల కెప్టెన్ బవుమా, 55 నాటౌట్, అదీ మూడో ఇన్నింగ్స్‌లో. బంతిని కంటికిందికి రానిచ్చి మెత్తటి చేతులతో ఆడాడు. అదే వికెట్ మీద మనవాళ్లు వాళ్ల స్పిన్నర్ హార్మర్‌కి ముందుకు తోసి దొరికారు. రెండు టెస్టుల్లో 17 వికెట్లు తీశాడు హార్మర్. నిరుడు న్యూజిలాండ్ స్పిన్నర్లు, పుణెలో శాంట్నర్ 13, ముంబైలో ఎజాజ్ 11. స్పిన్ ఆడటం మన సొత్తనుకున్నాం, అది జారిపోతోంది. ఇది ఒకరిద్దర్ని పీకేస్తే తీరేది కాదు, మన దేశవాళీ రంజీ మ్యాచుల్లో ఎలాంటి పిచ్‌లు వేస్తున్నాం, టెస్టు కుర్రాళ్లు ఏడాదికి ఎన్ని రంజీ మ్యాచులు ఆడుతున్నారు, ఈ వాదన నువ్వు తీసుకో. దీనికి విలువుంది.

ఇప్పుడు నితీష్ కుమార్ రెడ్డి. వైజాగ్ కుర్రాడు, మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్‌లో దిగి 114 కొట్టినప్పుడు స్టాండ్స్‌లో వాళ్ల నాన్నతోపాటు నేనూ ఇక్కడ ఏడ్చాను. అయినా చెబుతున్నా, నువ్వు ఆదివారం నీ తీసెయ్యాల్సినవాళ్ల లిస్టులో అతన్ని కావాలని కలపలేదు. గువాహటిలో అతను బ్యాటింగ్‌లో ఏం చెయ్యలేకపోయాడు, బంతి చేతికిచ్చింది కాసిని ఓవర్లే. మన దగ్గర తిరిగే పిచ్‌ల మీద అతనికి జట్టులో పని లేదని, విదేశాల్లో నాలుగో పేసర్‌గా మాత్రం తప్పక ఉండాలని నేనంటాను. మనోడు కదా అని తూకం మార్చావంటే, ముంబైవాళ్లు వాళ్లవాడికి చేస్తున్నారని నువ్వు ఏడ్చే ఏడుపుకి అర్థమేముంది?

నా దగ్గర లాంగ్ నోట్‌బుక్ ఉంది, నువ్వు చిన్నప్పుడు దానిమీద బొమ్మలు గీసేవాడివి. ప్రతి సిరీస్‌కి ముందు నా పదకొండు మందిని, తర్వాత నా మాటను అందులో రాసుకుంటాను, కొట్టెయ్యను. మొన్న రాత్రి 2019 జనవరి పేజీ తీశాను. అడిలైడ్‌లో సిరాజ్ మొదటి వన్డే, 10 ఓవర్లకు 76 పరుగులిచ్చాడు, వికెట్ లేదు. కింద నా చేతిరాతతోనే "వన్డేలకు పనికిరాడు" అని ఉంది. 2023 సెప్టెంబరులో కొలంబోలో అదే సిరాజ్ ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకే 6 వికెట్లు తీశాడు, ఒక్క ఓవర్లో నాలుగు, శ్రీలంక 50కి ఆలౌట్. క్రికెట్ మానేసి వెళ్లి వాళ్ల నాన్నతో ఆటో తోలుకోమని జనం తనను అన్నారని ఆ అబ్బాయే తర్వాత చెప్పుకున్నాడు. నేనామాట అనలేదు, కానీ నేను రాసిందీ దానికి పెద్ద దూరంలో లేదు, అది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. ఈ ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ కొట్టిన బంతిని సిరాజ్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు, 19 దగ్గర ఉన్న బ్రూక్ 111 దాకా వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో మ్యాచ్ గెలిపించిందీ సిరాజే. 5 టెస్టుల్లోనూ ఆడి 23 వికెట్లు. ఆ రాత్రికి నిన్నెవరైనా అడిగుంటే ఏమనేవాడివో ఆలోచించు.

కాబట్టి ఆట గురించి ఎంత గట్టిగానైనా అను, "ఆ షాట్ ఆడకూడదు, ఆ చోట్లో దిగకూడదు" అను. మనిషి గురించి, వాళ్ల ఇంటివాళ్ల గురించి అనకు. ఓడిన రోజు రాత్రి అసలేం అనకు, స్కోర్‌కార్డ్ తెల్లారి చూడు.

మీ నాన్న సంగతి కూడా. 2001లో ఆస్ట్రేలియాతో కోల్‌కతా టెస్టు మా ఇంట్లో మేమిద్దరం కలిసి చూశాం. ఫాలోఆన్ (బాగా వెనకబడి వెంటనే రెండో ఇన్నింగ్స్) ఆడుతుంటే లక్ష్మణ్‌ని ఆరు నుంచి మూడుకి తెచ్చారు, ద్రావిడ్ ఆరుకి వెళ్లాడు. "ద్రావిడ్‌ని కిందికి దించుతారా, ఇదేం పిచ్చి" అని నేను అరుస్తుంటే, "ఉండు బావా, మొదటి ఇన్నింగ్స్‌లో అందరికంటే బాగా ఆడింది మన హైదరాబాద్ కుర్రాడే, ఆడనీ" అన్నది మీ నాన్నే. లక్ష్మణ్‌కి 281 వచ్చాయి, అవతల ద్రావిడ్‌కి 180. మూడో నంబర్ గురించి ఆయనకి తెలీదని మళ్లీ అనకు. ముందు వెళ్లి ఆయనతో మాట్లాడు, ఫోన్‌లో కాదు, పక్కన కూర్చుని.

వచ్చే ఏడాది, 2026లో, శ్రీలంకలో టెస్టులున్నాయి, న్యూజిలాండ్‌లో ఉన్నాయి, 2027 మొదట్లో ఆస్ట్రేలియా 5 టెస్టులకు ఇక్కడికే వస్తుంది. సంక్రాంతికి వస్తున్నారుగా, శ్రీలంక టూర్‌కి నీ పదకొండు మందిని కాగితం మీద రాసుకుని రా. మీ నాన్ననీ రాయమన్నాను. నాది నోట్‌బుక్‌లో ఉంటుంది. అరిసెలు తింటూ మూడూ పక్కపక్కన పెడదాం. మూడో నంబర్ ఖాళీ వదిలి మాత్రం తేకు.

మీ మావయ్య