బెలూన్ తీయగానే గురుగ్రహం సొట్టపోతోందా? సమాధానం

బెలూన్ మీద కాగితం ముక్కలు జిగురుతో అంటించి పిల్లలతో గ్రహాల బొమ్మలు చేయిస్తున్నామని, బెలూన్ తీయగానే గురుగ్రహం సొట్టపోయిందని రాశారు. లోపలి పొర ఇంకా తడిగా ఉంది, అంతే. ఒకే రోజు నాలుగు పొరలు అంటించి, మర్నాడు బెలూన్ పగలగొట్టామన్నారు కదా. రబ్బరు వైపు నుంచి తడి బయటికి పోదు. అందుకే పైన చెయ్యి పెడితే గరగరలాడుతుంది, లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది.

1. మొదటి పొర కాగితం ముక్కల్ని ఉత్త నీళ్లలో తడిపి వేయండి. జిగురు వద్దు, రబ్బరుకు అతుక్కుపోతుంది.

2. తర్వాత మైదా జిగురుతో రెండు పొరలు వేసి ఆపేయండి. ఒక రోజంతా ఆరాకే మిగతావి. అందరూ దాటేసేది ఇక్కడే. పిల్లలు ఆగరు, నిజమే. ఆ రోజుకి శనిగ్రహం వలయాన్ని అట్టతో కత్తిరించే పని అప్పగించండి.

3. ముడికి దారం కట్టి నీడలో వేలాడదీయండి. ఎండలో బెలూన్ ఉబ్బి, చల్లబడ్డాక కుంచించుకుపోయి కాగితాన్ని లోపలికి లాగుతుంది.

4. వేలితో తట్టండి. టకటకమంటే ఆరినట్టే. శబ్దం మొద్దుగా వస్తే ఇంకో రోజు ఆగాలి.

5. బెలూన్‌ను ఠప్పున పేల్చకండి. ముడి పక్కన రబ్బరు అంతగా సాగి ఉండదు, అక్కడ సూదితో చిన్న చిల్లు పెడితే గాలి మెల్లగా పోతుంది.

సొట్టపోయినదాన్ని పారేయకండి. బాగా ఆరనిచ్చి, సొట్ట నడుముకి కాస్త కిందకి వచ్చేలా తిప్పి ఎర్ర రంగు వేయండి. గురుడి మీద భూమి కంటే పెద్ద తుఫాను, ఆ ఎర్రమచ్చ, ఉండేది దక్షిణార్ధంలోనే.