తెల్లవారుజాము రీడింగ్ ముందు రోజు తేదీలో పడుతుంటే

అన్నా, కావలి దగ్గర రొయ్యల చెరువులో తెల్లవారుజామున 4 గంటలకు తీసిన ఆక్సిజన్ రీడింగ్, రిపోర్టులో ముందు రోజు కింద వస్తోందన్నారు కదా. సెన్సార్ తప్పేం లేదు. సర్వర్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) టైమ్ రాస్తోంది, మన టైమ్ దానికన్నా 5:30 గంటలు ముందు. మన 4 గంటలంటే అక్కడ ముందు రోజు రాత్రి 10:30.

దయచేసి కోడ్‌లో చేత్తో 5:30 కలపకండి. రేపు ఇంకొకరు ఇంకోచోట మళ్లీ కలుపుతారు, ఆ తేడా పట్టుకోవడం పెద్ద టెన్షన్. డేటాబేస్‌లో యూటీసీనే ఉంచండి. రిపోర్టు క్వెరీలో (డేటాబేస్ నుంచి డేటా తెచ్చే ఆదేశంలో) ముందు టైమ్‌ని భారత సమయాన్ని సూచించే 'ఏషియా/కోల్‌కతా' జోన్‌కి మార్చి, ఆ తర్వాతే అందులోంచి తేదీ తీసుకోండి. మీరు టైమ్ మార్చకముందే తేదీ తీసుకుంటున్నారు. పాత రికార్డులు ముట్టుకోకండి, అవి సరిగానే ఉన్నాయి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే, అందుకే ఇది ఈరోజే సరిచేయండి.