లేచామా, లేపామా?

ప్రశ్న: లై, లే అనే రెండు ఇంగ్లీషు క్రియలూ ఎన్నిసార్లు చదివినా నాకు తారుమారవుతున్నాయి. రైజ్, రెయిజ్‌లతోనూ ఇదే గొడవ. నోరు తెరిచే ముందు ఏది వాడాలా అని టెన్షన్. ఏదైనా ఉపాయం చెప్పండి.

జవాబు: ఉపాయం మీ దగ్గరే ఉంది, తెలుగులో. 'పొద్దున్నే లేచాను' అంటారు, 'పిల్లాణ్ణి లేపాను' అంటారు. ఎప్పుడైనా పొరపాటున 'పిల్లాణ్ణి లేచాను' అన్నారా? రైజ్, రెయిజ్‌ల తేడా సరిగ్గా అదే. సూర్యుడు తనంతట తనే పైకొస్తాడు, రైజ్. చెయ్యి మనం ఎత్తాలి, రెయిజ్. ధరలు పెరిగితే రోజ్, ఎవరైనా పెంచితే రెయిజ్‌డ్.

లై అంటే పడుకోవడం. లే అంటే పడుకోబెట్టడం, లేదా ఒకచోట పెట్టడం. (మన చెవికి 'లే' అనగానే ఎవరో నిద్ర లేపుతున్నట్టుంటుంది, అది మన ఖర్మ.) అనుమానమొస్తే 'దేన్ని?', 'ఎవర్ని?' అని అడిగి చూడండి. జవాబు దొరికితే లే. కోడి పెడుతుంది. దేన్ని? గుడ్డుని. అందుకే హెన్స్ లే ఎగ్స్.

అసలు చిక్కంతా భూతకాలంలో. లైకి భూతకాల రూపం కూడా లే! నిన్న కాసేపు పడుకున్నాను అనడానికి 'ఐ లే డౌన్ ఫర్ ఎ వైల్ ఎస్టర్‌డే'. పడుకోబెట్టాను అనడానికి లెయిడ్. హ్యావ్ పక్కన చేరితే మొదటిది లెయిన్ అవుతుంది, రెండోది లెయిడ్‌గానే ఉంటుంది. ఫాల్‌దీ ఇదే తంతు: మనిషి పడ్డాడన్నా ఫెల్, చెట్టుని నరికి పడగొట్టడమూ ఫెల్. ఇక్కడ మాత్రం తెలుగు ఆదుకోదు, బట్టీ పట్టాల్సిందే. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే చాలామంది 'ఐయామ్ గోయింగ్ టు లే డౌన్' అనేస్తుంటారు కాబట్టి మీరు సిగ్గుపడక్కర్లేదు. మాటల్లో దొర్లితే ఎవరూ పట్టించుకోరు. కాగితం మీద పెడితేనే దొరికిపోతాం.

నేను దొరికాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో జ్వరమొచ్చి, సెలవు చీటీలో 'ఐ లైడ్ ఇన్ బెడ్ ఫర్ టూ డేస్' అని రాశాను. అబద్ధమాడడం అనే అర్థంలో ఇంకో లై ఉంది, అక్షరాలు అవే. లైడ్ అనే భూతకాలం దానిది. అంటే రెండు రోజులు మంచం మీద పడి అబద్ధాలాడానని నేనే సంతకం పెట్టి ఇచ్చాను. మా అధికారి ఆ మాట కింద ఎర్ర గీత గీసి, సెలవు మంజూరు చేసి, పక్కన ఒక ముక్క రాశారు: 'ఒప్పుకున్నందుకు సంతోషం.'