వీడియో యూట్యూబ్‌లో ఉన్నంత కాలం దావాకు గడువు ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 26. రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. 2024 నవంబరు 16, శనివారం రాత్రి స్నేహితురాలి పుట్టినరోజుకని తొమ్మిది మందిమి భీమిలి రోడ్డులో ఒక గెస్ట్‌హౌస్‌కి వెళ్లాం. అర్ధరాత్రి దాటాక పోలీసులు వచ్చారు. మాలో ఇద్దరు అబ్బాయిల దగ్గర గంజాయి దొరికింది. అందరినీ తీసుకెళ్లి, యూరిన్ శాంపిల్ తీసుకుని, ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, తెల్లవారుజామున 5 గంటలకు ఏడుగురిని పంపేశారు. ఇల్లు చేరేసరికి టీవీలో నా ఫొటో! నా ఇన్‌స్టాగ్రామ్‌లోది తీసుకుని, పేరుతో సహా ‘రేవ్ పార్టీలో ఐటీ కిలేడీ అరెస్ట్’ అని మూడు రోజులు వేశారు. గంజాయి దొరికిన అబ్బాయిల్లో ఒకరు పెద్ద వ్యాపారి కొడుకు. అతని ముఖం మాత్రం మసక చేసి ‘ఓ యువకుడు’ అన్నారు. నా ఉద్యోగం పోయింది, నిశ్చితార్థం ఆగిపోయింది. సిగ్గుతో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తీసేశాను. ఒక యూట్యూబ్ ఛానెల్ అతను నలభై వేలు ఇస్తే తన వీడియో డిలీట్ చేస్తానంటున్నాడు. చార్జిషీటులో నన్ను సాక్షిగా పెట్టారని ఈ మధ్యే తెలిసింది. కేసు తేలాక పరువునష్టం దావా వేద్దామని ఆగాను. వీడియో ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది కాబట్టి టైమ్ ఉంటుంది కదా? పోలీసులు చేసింది, మీడియా చేసింది న్యాయమేనా?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు పంపిన ఉత్తరం ఆరు పేజీలు. అందులో మీ కేసును నిలబెట్టేదీ పడగొట్టేదీ ఒక్క వాక్యమే: ‘వీడియో ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది కాబట్టి టైమ్ ఉంటుంది కదా?’

ఉండదు. ఈ 2025 అక్టోబరు దాటితే మీకు మిగిలేవి పదిహేడు రోజులు.

దావాలకు గడువు నిర్ణయించే లిమిటేషన్ చట్టం 1963లో 75, 76 ఆర్టికల్స్ చూడండి. పరువునష్టం రాతతో జరిగినా మాటతో జరిగినా పరిహారం కోరే దావాకు ఇచ్చింది ఒక్క ఏడాదే. 2024 నవంబరు 17, ఆదివారం ఉదయం ప్రసారమైంది అన్నారు. ఆ రోజును లెక్కలోంచి తీసేస్తే మీకు ఆఖరు రోజు 2025 నవంబరు 17, సోమవారం. వెబ్‌లో కనిపిస్తున్నంత కాలం రోజూ కొత్తగా దావా హక్కు పుడుతూనే ఉంటుందన్న వాదనను ఢిల్లీ హైకోర్టు 2013లోనే తోసిపుచ్చింది. మొదట పెట్టిన రోజు నుంచే లెక్క అంది. మన జిల్లా కోర్టు ఆ తీర్పును తప్పకుండా పాటించాలని లేదు. కానీ అవతలి లాయరు మొదట చేతిలో పట్టుకుని నిలబడేది దాన్నే. అదే క్లిప్పును ఫిబ్రవరిలో వేరే హెడ్డింగుతో షార్ట్‌గా మళ్లీ పెట్టారని రాశారు. అది కొత్త ప్రచురణ అని వాదించవచ్చు. అయితే ఆ వాదన మీద భరోసాతో నవంబరు 17 దాటనివ్వకండి.

ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు కదా అంటారేమో. ఆ వెసులుబాటు ఇచ్చే అదే చట్టంలోని సెక్షన్ 5 అప్పీళ్లకు, దరఖాస్తులకే పనికొస్తుంది, దావాలకు పనికిరాదు. లీగల్ నోటీసు పంపితే గడియారం ఆగుతుందని కూడా చాలామంది నమ్ముతారు. ఆగదు.

‘కేసు తేలాక వేద్దామని ఆగాను’ అన్నారు. అలా ఆగమని ఎవరు చెప్పారమ్మా? గంజాయి కేసు ఆ ఇద్దరి మీద. దాని తీర్పు వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. మీ పరువుకీ ఆ తీర్పుకీ ముడి లేదు. పదకొండు నెలలు ఊరికే పోయాయి. అవి పోవడంతో ఏమేం పోయాయో కూడా తెలుసుకోండి, ఇక మీద అయినా జాగ్రత్తగా ఉంటారు. ఛానెళ్లు తాము ప్రసారం చేసిన దాని రికార్డును 90 రోజులు ఉంచాలన్నది కేంద్రం పెట్టిన నిబంధన. ఆ మూడు నెలల్లో ఒక్క నోటీసు ఇచ్చి ఉంటే మూడు రోజుల ప్రసారం మొత్తం కోర్టు ముందు ఉండేది. పత్రికలో వచ్చిన చిన్న వార్త మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లడానికి రెండు నెలలే గడువు, అదీ దాటింది. గెస్ట్‌హౌస్ సీసీటీవీ ఫుటేజీ ఈపాటికి చెరిగిపోయే ఉంటుంది.

ఇక సాక్ష్యం సంగతి. మీడియా పక్షపాతం గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. గంజాయి దొరికిన అబ్బాయి ‘ఓ యువకుడు’, ఏమీ దొరకని అమ్మాయి ‘కిలేడీ’. రాత్రి పన్నెండు గంటలకు స్నేహితులతో బయట ఉండటమే నేరం అన్నట్టు మూడు రోజులు ఆ ఫొటోను తిప్పారు. ‘రేవ్ పార్టీ’ అనే మాట మాదకద్రవ్యాల చట్టంలో ఎక్కడా లేదు, స్క్రీన్ మీదే ఉంది. అయితే పక్షపాతం అని ఒక నేరం లేదు, దాని పేరు మీద దావా పడదు. కోర్టు అడిగేది ఇది: మీ గురించి చెప్పింది అబద్ధమా? అబద్ధమైతే అది ఎక్కడ పుట్టింది?

‘అరెస్ట్’ అన్నారు. మీరు అరెస్టు కాలేదు. ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరు నిందితుల్లో లేదు, చార్జిషీటులో మీరు సాక్షి. ఈ రెండు కాగితాల సర్టిఫైడ్ కాపీలు వెంటనే తీసుకోండి. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది కాబట్టి, సున్నితమైన కేసు కాకపోతే మొదట ఏపీ పోలీసు సైట్‌లోనే వెతకండి. చార్జిషీటు కాపీకి కోర్టులో కాపీ అప్లికేషన్ వేయాలి.

అంతకంటే ముఖ్యమైన కాగితం ఒకటుంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆ ఆదివారం పోలీసులు విలేకర్లకు ఇచ్చిన ప్రెస్ నోట్. అందులో మీ పేరు ఉంటే ఛానెల్ ‘పోలీసులు చెప్పిందే చెప్పాం’ అని తప్పించుకోజూస్తుంది, మీ పోరు సగం పోలీసుల వైపు తిరుగుతుంది. అందులో ‘తొమ్మిది మందిని అదుపులోకి తీసుకున్నాం, ఇద్దరిని అరెస్టు చేశాం’ అని మాత్రమే ఉంటే, మీ పేరు, ఫొటో, ‘అరెస్ట్’ అనే మాట ఛానెల్ తనంతట తాను తెచ్చి అతికించినవే. అప్పుడు వాళ్లు దాక్కోవడానికి చోటు ఉండదు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజులు పట్టవచ్చు, మీకు అంత టైమ్ లేదు. దరఖాస్తు ఈ రోజే పడేసి, ఇంకోవైపు ఆ నోటును ఉన్నదున్నట్టు వేసిన పత్రికలు ఏవో చూడండి. లైబ్రరీలో పాత పేపర్లు దొరుకుతాయి. 2024 నవంబరు 17, 18 తేదీల జిల్లా పేజీలు చాలు.

పక్షపాతం పనికొచ్చేది ఇక్కడే. అదే బులెటిన్‌లో నిందితుడి ముఖానికి మసక, నిందితురాలు కానిదాని ముఖం నిండా వెలుగు. ముఖాలు దాచడం వాళ్లకు తెలుసనడానికి అదే రుజువు. తొందరలో జరిగిన పొరపాటు అన్న వాదన దాంతో పోతుంది. దురుద్దేశం రుజువైతే పరిహారం పెరుగుతుంది. అందుకే మీ ఫొటో ఉన్న ముక్క ఒక్కటే కత్తిరించి దాచవద్దు, మొత్తం బులెటిన్ దించుకోండి. పక్షపాతపు వార్తలు ఆ మనిషే నేరం చేశాడన్న అనుమానాన్ని జనంలో పుట్టిస్తాయని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో చెప్పి, పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మాన్యువల్ తయారు చేయమని కేంద్ర హోం శాఖను ఆదేశించింది. మీ లాయరు చేత ఆ ఉత్తర్వు జత చేయించండి.

మీరు పంపినవి తేదీ లేని స్క్రీన్‌షాట్లు. వాటితో పని జరగదు. వీడియో లింకు, ఛానెల్ పేరు, అప్‌లోడ్ తేదీ, వ్యూస్ సంఖ్య కనబడేలా స్క్రీన్ రికార్డు చేయండి. దించుకున్న ఫైలుకు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) తీయించి, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ తయారు చేయించాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం సాంకేతిక నిపుణుడు నింపాలి. ఇది లేక కూలిన కేసులు ఎన్నో చూశాను.

ఇన్‌స్టాగ్రామ్ తీసేయడం మీరు చేసిన పెద్ద తప్పు. ఆ ఫొటో ఎక్కడిదో, ఏ సందర్భంలోదో చెప్పే చోటును మీ చేతులతోనే మూసేశారు. డీయాక్టివేట్ మాత్రమే చేసి ఉంటే వెంటనే తెరవండి. పూర్తిగా పోయి ఉంటే అసలు ఫొటో ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్ వెతకండి.

ఇప్పుడు నలభై వేల సంగతి. ఇవ్వవద్దు. ఒక్క రూపాయి కూడా. డబ్బు తీసుకుని అతను వీడియో డిలీట్ చేస్తే మీ సాక్ష్యాన్ని మీరే డబ్బిచ్చి చంపించినట్టు. ‘మాకూ వీళ్లకూ ఏ వివాదం లేదు’ అని ఒక కాగితం మీద సంతకం కూడా అడిగాడని రాశారు. ఆ సంతకం పెడితే దావాలో అతని తరఫు మొదటి డాక్యుమెంటు అదే అవుతుంది. ఆ రాత్రి స్టేషన్‌లో చదవకుండా పెట్టిన సంతకాలు చాలవా? పరువు తీసిన వీడియోను చూపించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు, ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. మీరు ఇంకా డబ్బు ఇవ్వలేదు కాబట్టి అది ప్రయత్నం కింద వస్తుంది. మీరు చాట్ డిలీట్ చేశారు సరే, అతని వాయిస్ మెసేజ్ మీ తమ్ముడి ఫోన్‌కు ఫార్వర్డ్ అయి ఉందన్నారు. ఆ ఫోన్ అమ్మవద్దు, మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. ఆ మెసేజ్‌తో విడిగా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి.

అలాగే ఆ వ్యాపారి కొడుకు ఫొటో పెట్టి ‘అసలు దొంగ వీడు’ అని పోస్టు చేస్తానంటున్న మీ తమ్ముణ్ని ఆపండి. అతను నిందితుడే, దోషి అని ఇంకా తేలలేదు. ఆ పోస్టు పడిన మరుక్షణం మీ ఇంటి మీదకే ఇంకో దావా వస్తుంది.

చేయవలసింది ఇది. దావా విశాఖలోనే వేయవచ్చు. ఛానెల్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, పరువు పోయింది ఇక్కడ కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 19 అందుకు వీలిస్తుంది. ఛానెల్ కంపెనీ, ఎడిటర్, ఆ యూట్యూబ్ వ్యక్తి ప్రతివాదులు. వీడియో తీయించడానికి యూట్యూబ్‌ను కూడా చేర్చాలి, ఎందుకంటే కోర్టు ఉత్తర్వు చూపితే తప్ప పరువునష్టం విషయంలో వాళ్లు సాధారణంగా కదలరు. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, వారం రోజులు మాత్రమే గడువు ఇవ్వండి. జవాబు రాకపోయినా ఆగవద్దు.

ఐదు కోట్లు అడగాలని ఉంది అన్నారు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. మీ జీతం నష్టం, ఉద్యోగం పోయాక గడిచిన నెలలు, వీటితో లెక్క కట్టి చూపించగలిగింది అడగండి. రాజీనామా చేయమని హెచ్‌ఆర్ నోటితో చెప్పారన్నారు. ‘ఫలానా వార్త కారణంగా నన్ను రాజీనామా చేయమన్నారు’ అని ఇప్పుడైనా ఒక ఈమెయిల్ పంపండి, వాళ్లు ఏం జవాబిచ్చినా పనికొస్తుంది. పెళ్లివారు పంపిన వాట్సాప్ మెసేజ్ దాచండి, వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

దావా తేలేలోపు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కోరేటప్పుడు వార్త మొత్తం తీసేయమనవద్దు. విచారణ జరగకుండా ప్రచురణను ఆపే ఉత్తర్వులు యాంత్రికంగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది. మీ పేరు, మీ ఫొటో, ‘అరెస్ట్’ అన్న మాట, ఈ మూడు తీయమని అడగండి. చిన్నగా అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టానికి వేసే క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంది. దాన్ని పోలీసులు తీసుకోరు, నేరుగా మేజిస్ట్రేటు దగ్గర వేయాలి. అది తర్వాత చూసుకోవచ్చు.

పోలీసుల గురించి. సాక్షిగా అయితే మహిళను ఇంటి దగ్గరే విచారించాలి. అరెస్టు అయితే సూర్యాస్తమయం తర్వాత ప్రత్యేక పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. మీ విషయంలో ఈ రెండూ జరిగినట్టు లేవు. కానీ మానవ హక్కుల సంఘం కూడా ఏడాది దాటిన ఫిర్యాదును విచారించదు. ఆ ఏడాది లెక్క ఆ రాత్రి నుంచే కాబట్టి దావాకంటే ముందే ఆ ఫిర్యాదు పడాలి.

ఇంకొక్క మాట, కటువుగా ఉన్నా అడగాలి. ఆ యూరిన్ పరీక్ష ఫలితం ఏమిటో మీరు ఎక్కడా రాయలేదు. ‘బీరు మాత్రమే తాగాను’ అన్నారు. అదే నిజమైతే ఆ రిపోర్టు మీకు కొండంత బలం. కాకపోతే మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో తెలియడం కంటే అది వెయ్యి రెట్లు నయం. మీరు సంతకం పెట్టిన కాగితాలు ఏవో కూడా చార్జిషీటు కాపీలో తేలుతుంది. సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టం చెబుతోంది కాబట్టి అవి పంచనామా కావచ్చు, పిలిస్తే వస్తానన్న హామీ కావచ్చు.

పదిన్నరకు మీరంతా డాబా మీద కేక్ కోస్తున్న ఫొటోలు ఉన్నాయని, ఆ ఇద్దరు అబ్బాయిలు అప్పటికే కింద గదిలోకి వెళ్లిపోయారని రాశారు. ఆ ఫొటోలు తీసింది పుట్టినరోజు అమ్మాయి. ఆ రాత్రి తర్వాత ఆమెతో మాట మానేశారట. ఆ ఫొటోలు ఆమె ఫోన్‌లో తేదీ, సమయంతో ఉన్నాయి. మీ తరఫున బోనెక్కి చెప్పగలిగిన మనిషి కూడా ఆమే. ఆ అమ్మాయికి ఈ రోజే ఫోన్ చేయండి.